నూట అరవై ఎనిమిదిలో ఒకటి

మా బావ లెక్కల లెక్చరర్. ఆయన రాసిన ప్రధాన సంఖ్యల పుస్తకానికి ఎనిమిదేళ్లు కూర్చుని భాగహారాలన్నీ చేసింది, అక్క ఇంట్లోనే ఉండే నేను. ముందుమాటలో అట్ట వేసినవాడికీ, టైపు కొట్టినవాడికీ, చివరికి కళ్లజోడు బాగుచేసినవాడికీ కృతజ్ఞతలున్నాయి. నా పేరు లేదు. అడిగితే నలుగురి ముందూ నవ్వాడు.

"మా మరదలికి కూడికలంటే సరదాలెండి!"

ఆ మాటకి నా ఒళ్లు మండింది. ఆ మంట మూడేళ్లయినా ఆరలేదు.

రెండో ముద్రణకి అట్టమీద వేయడానికి పెద్ద ప్రధాన సంఖ్య ఒకటి కావాలన్నాడు. 1000009 ఇచ్చాను. చూడ్డానికి అమాయకంగా ఉంటుంది. రెండు, మూడు, అయిదు, ఏడు, దేనికీ లొంగదు. సంగతి తేలాలంటే వెయ్యిలోపు ప్రధాన సంఖ్యలన్నిటితోనూ భాగించాలి. అవి నూట అరవై ఎనిమిది. ఒక్కసారి కూడా శేషం సున్నా రాకూడదు. ఒక్కో భాగహారానికి ఒక్కో కాగితం, అదీ నా పద్ధతి.

బావ పద్ధతి వేరు. చివరి కాగితం మీద నా టిక్కు చూసి సంతకం పెట్టేస్తాడు. ఈసారి నేనిచ్చినవి నూట అరవై ఏడే. లెక్కల మాస్టారు కాగితాలు లెక్కపెట్టుకోలేదు.

ఆవిష్కరణ సభలో పుస్తకం పైకెత్తి చూపించాడు. "ఈ సంఖ్యని ఎవడూ విడగొట్టలేడు, రాసిపెట్టుకోండి!"

నేను లేచాను. "బావగారూ, ఒక కాగితం నా దగ్గరే ఉండిపోయింది."

బోర్డు మీద 3413ని 293తో గుణించాను. ముందు వరసలో ప్రిన్సిపాల్ పెదవులు కదుపుతూ నాతోపాటే కూడుతున్నాడు. సరిగ్గా 1000009 వచ్చింది. బావ మొహంలో కత్తివేటుకు నెత్తురుచుక్క లేదు. నాకు జాలి వేయలేదు. ఎంత హాయిగా ఉందో చెప్పలేను.

మెట్ల దగ్గర అక్క నా చెయ్యి పట్టుకుని ఆపింది. "ఇంట్లో చెప్తే సరిపోయేదిగా? ఆయన పరువు బజారుకీడ్చావు."

"ఇంట్లో చెప్తే ఇంట్లోనే ఉండిపోయేదక్కా, ఇన్నాళ్లూ నా పేరు ఉన్నట్టే."

అయిదువందల కాపీలకీ తప్పొప్పుల చీటీ అంటించాల్సిందేనని ప్రిన్సిపాల్ తేల్చేశాడు. తప్పు పట్టుకున్నదెవరో కూడా అందులో వేయమన్నాడు.

వారం రోజులు బావ ముందుగదిలో జిగురు డబ్బా పెట్టుకుని, నా పేరున్న చీటీలు ఒక్కొక్కటే అంటించాడు. వంకరగా అంటించినవి పీకి మళ్లీ ఆయన చేతికే ఇచ్చాను.