ఊక బూడిదలో చల్లారిన పిన్ను

ఎనభై ఎనిమిది వానాకాలం. కాలవ కట్ట మీద, ట్రాక్టరుకు ట్రాలీని తగిలించే పిన్ను విరిగిందన్న కబురు రేపల్లెలో మత్తయి కొలిమికి చేరేసరికి, అతని భార్య రూతు గాలిచక్రం తిప్పుతోంది. ఆ ట్రాలీలో నాట్లకు వెళ్ళే ఆడవాళ్ళు ఇరవైమంది, వాళ్ళలో రూతు తల్లి అచ్చమ్మ. వెనక్కి దొర్లిన ట్రాలీ రాళ్ళకుప్పకు తట్టుకుని ఆగింది కాబట్టి సరిపోయింది, లేకపోతే అంతా కాలవపాలే. ఆ పిన్ను చేసిన మహానుభావుడు ఎవరనుకున్నారు? మత్తయే.

"ఉక్కులో దోషం. నా పనిలో కాదు," అన్నాడు.

ఆయనకెప్పుడూ ఉక్కుదే తప్పు. వాళ్ళ నాన్న కొడవళ్ళు ఎర్రగా కాల్చి తొట్టి నీళ్ళలో చుయ్యిమని ముంచేవాడు. కొడుకూ అదే పట్టుకుని, పాత లారీ ఇరుసులతో చేసిన పిన్నుల్నీ అలాగే ముంచుతున్నాడు.

రూతు విరిగిన ముక్క తెప్పించి చూసింది. లోపల రాళ్ళుప్పులా మెరుస్తోంది. అప్పుడు గుర్తొచ్చింది ఆమెకి, కిందటి వారం పట్టకారులోంచి జారి ఊక బూడిద గుంటలో పడ్డ పిన్ను. మర్నాటిదాకా అది అందులోనే చల్లారింది. నీళ్ళు తాగనిది ఎందుకూ పనికిరాదని మత్తయి మూలన పారేశాడు.

దాన్ని తెచ్చి వైసులో బిగించి, సమ్మెట మొగుడి చేతికిచ్చింది. "కొట్టండి."

నాలుగు దెబ్బలకు వంగింది, విరగలేదు. కొలిమి దగ్గరున్న, నీళ్ళలో ముంచిన ఇంకోదాన్ని బిగిస్తే మొదటి దెబ్బకే టక్కున విరిగింది. మత్తయికి ఒళ్ళు మండింది. వంగినదానికి రంపంతో గాటుపెట్టి, పంతం పట్టి విరిచాడు. లోపల బూడిదరంగులో, సన్న రవ్వలా ఉంది. రెండు రకాల ముక్కల్నీ పక్కపక్కన పెట్టి చూశాడు.

"గబుక్కున చల్లారిస్తే లోపల బిగుసుకుపోయి పెళుసెక్కుతోంది," అన్నాడు చివరికి. "నెమ్మదిగా చల్లారితే లోపలి రవ్వ కుదురుకుంటోంది."

"నీళ్ళలో ముంచినవి ఎన్ని ఇచ్చామండి?"

"పదిహేడు. ఒకటి విరిగింది. వెనక్కి అడిగితే పేరు పోతుంది కదే," అన్నాడు.

"పోతే మళ్ళీ తెచ్చుకుందాం. మా అమ్మ పోతే తెచ్చుకోగలనా?"

ఆ రోజు నుంచే బూడిద గుంట పని మొదలైంది. పిన్నులు తయారయ్యాక మత్తయి సైకిలు వెనక రూతు సంచీ సమ్మెటా పట్టుకుని కూర్చుంది. తెనాలి వైపు తొమ్మిది, బాపట్ల వైపు ఆరు మార్చారు. మిగిలిన ఒక్కటి కర్లపాలెంలో వెంకటప్పయ్య దగ్గరుంది. వాళ్ళు వెళ్ళేసరికి ఆయన ట్రాలీ నిండా పెళ్ళివాళ్ళు, బాపట్ల బయల్దేరబోతున్నారు.

"బానే ఉంది కదా మత్తయ్యా, ఇప్పుడెందుకు?" అన్నాడాయన.

మత్తయి పిన్ను ఊడదీసి, రాతి అంచున పెట్టి సమ్మెటతో కొట్టాడు. రెండు ముక్కలైంది. పెళ్ళివాళ్ళు ఒక్కొక్కరే కిందికి దిగిపోయారు.

సంచిలోంచి కొత్త పిన్ను తీసి తనే వేశాడు. వేశాక ఎవరూ ఎక్కలేదు. ముందు రూతు ఎక్కి కూర్చుంది. "రండి," అంది మొగుణ్ణి. ఆయనా ఎక్కి పక్కన కూర్చున్నాడు. తర్వాత పెళ్ళికూతురి తల్లి చెయ్యి చాపితే, రూతు పట్టుకుని పైకి లాగింది.