గుడారానికి వేసిన ఎర్ర అతుకు

కరణం వెంకోబరావు పెరట్లో, గుడారం నీడన కూర్చుని ఆడకూలీలు విత్తనాల కోసం శనక్కాయలు ఒలుస్తున్నారు. ఎండ కాస్త ఎక్కేసరికి గుడారం మాట్లాడటం మొదలుపెట్టింది. "ఆ ఫైలు రేపు చూద్దాం," అంది. కాసేపాగి దగ్గింది. "కాఫీలో చక్కెర ఏదోయ్?" అంది. ఎవరూ తలెత్తలేదు. రాజధాని గుడారాలన్నీ అంతే. ఎండ తగిలితే చాలు, అప్పుడెప్పుడో విన్న మాటలను విన్న గొంతుతోనే అప్పజెప్పేస్తాయి.

మూడేళ్ళు కర్నూలు రాజధానిగా వెలిగింది. కచేరీలకు కట్టడాలు చాలక గుడారాలు వేసుకుని రాజ్యమేలారు. యాభయ్యారులో రాజధాని హైదరాబాదుకు లేచిపోతూ వాటిని వేలానికి వదిలేసింది. ఆదోనిలో ఒకటి టీ హోటలుకు పైకప్పయింది. అక్కడ జనం టీ తాగుతూ బడ్జెట్టు వింటారు. మంత్రాలయంలో ఇంకొకటి యాత్రికులకు నీడనిస్తూ, మధ్యాహ్నమైతే ఏ పదవి ఎవరికని తగువులాడుతుంది. ఇంతోటి మాటల కోసమా మనం అంతదూరం నడిచిపోయి ఎండలో నిలబడ్డది అని జనానికి ఒళ్ళు మండేది.

కరణం కొన్న గుడారం వచ్చిన వారానికే తలారి తిక్కయ్య కొంప ముంచింది. కరణం వెంట మూటలు మోసుకుని కర్నూలు పోయినప్పుడు, తిక్కయ్య దీని పక్కన కూర్చుని "మా కరణం శవం మీద గుడ్డ కూడా వదలడప్పా" అని ఎవరితోనో అన్నాడట. ఆ మాటే, ఆ గొంతుతోనే బయటికొచ్చింది. తిక్కయ్య ఎంత మొత్తుకున్నా కరణం వినలేదు. "గుడారం అబద్ధమాడదురా," అని ఆ పూటే ఉద్యోగం ఊడబెరికాడు.

ఒలిచేవాళ్ళలో చివర కూర్చున్న హులిగమ్మకు కరణమంటే కడుపుమంట. ఊరి బయటి నాలుగెకరాల బంజరును ఆమె, మొగుడు ఉచ్చీరప్ప ఇరవై ఏళ్ళు రాళ్ళేరి చేనుగా చేశారు. ఆ రాళ్ళలోనే పాము కరిచి ఉచ్చీరప్ప పోయాడు. పట్టా కోసం ఆమె బళ్ళారి పోతే, మీ తాలూకా ఇప్పుడు కర్నూలు కింద ఉంది, అక్కడికి పొమ్మన్నారు. కర్నూలు పోయింది. గుడారంలో దొర కరణాన్ని పిలిచి అడిగితే, చేను ఆమెదేనని చేతులు కట్టుకుని ఒప్పుకున్నాడు. ఊరికొచ్చి ఆ మాట మింగేశాడు.

అడిగినప్పుడల్లా ఒకటే జవాబు. "ఆ రాజధానీ పోయింది, ఆ మాటా పోయింది. హైదరాబాదు పోయి అడుక్కోపో."

ఇప్పుడు కరణం ఆ చేను తన బామ్మర్ది పేర రాసేశాడు. రేపు ఊరి భూముల లెక్క తేల్చే జమాబందీకి వచ్చే దొర దాని మీద సంతకం పెడితే, హులిగమ్మ తన చేన్లో తానే కూలి.

పెరడు చిన్నదని గుడారాన్ని ఇన్నాళ్ళూ సగానికి మడిచే కట్టారు, మడతలోని సగానికి ఎండ తగల్లేదు. జమాబందీకి ఊరి ముందర పూర్తిగా వేయాలి. తెల్లారి మేకులు కొట్టడానికి ఇప్పుడు కూలికి పోయే తిక్కయ్య, తాళ్ళు లాగడానికి హులిగమ్మ పోయారు. మడత విప్పగానే ఆమె చేతులు ఆగిపోయాయి. పక్కగుడ్డ మీద జానెడు ఎర్ర అతుకు ఉంది.

"ఏమక్కా, అట్ల నిలబడిపోతివి?" అన్నాడు తిక్కయ్య.

"ఇది నా గుడ్డ తిక్కయ్యా. ఎమ్మిగనూరు సీర కొంగు. మూడు దినాలు బయట పడుంటే, గాలికి చినిగిన ఈ గుడారాన్ని కుట్టినాకనే బంట్రోతు నన్ను లోపలికి ఇడిసినాడు."

తిక్కయ్యకు విషయం అర్థమైంది. "అయితే కరణం మాట దీంట్లో ఉంటాది. కానీ నువ్వు ఆడ మాట్లాడింది కూడా సెప్తాది కదక్కా? ఊరంతా ఇంటారే!"

దొరను నిలదీసి అడిగి వచ్చానని మూడేళ్ళుగా ఊళ్ళో చెప్పుకుంటోంది హులిగమ్మ. ఎర్ర అతుకును అరచేత్తో ఒకసారి తడిమింది.

"ఇననీ. ఈ పక్క తూర్పుకు కట్టు," అంది.

అతుకు మీద గోనెపట్ట కప్పి పక్కనే నిలబడింది. దొర వచ్చి కుర్చీలో కూర్చున్నాడు. కరణం లెక్కలు చదవడం మొదలుపెట్టగానే గోనెపట్ట లాగేసింది. మే నెల ఎండ అతుకు మీద పడింది. ఒక్కో సర్వే నంబరూ గడిచి ఆమె చేను దాకా వచ్చింది. బామ్మర్ది పేరు చదివాడు. దొర కలం తీశాడు.

అప్పుడు గుడారం హులిగమ్మ గొంతుతో ఏడ్చింది. "నీ కాళ్ళు మొక్కుతా దొరా. నీ సెప్పులు తుడుస్తా. నీ వాకిట్లో కుక్కననుకో దొరా, నా చేను నాకు ఇప్పియ్యి."

ఊరంతా ఆమె వైపు తిరిగింది. ఎవరో కిసుక్కున నవ్వారు. ఆమె సిగ్గుతో తల వంచుకుంది, అయినా అక్కడినుంచి కదల్లేదు.

వెంటనే కరణం గొంతు వినిపించింది. "ఆ చేను ఈమెదే దొరా. ఇరవై ఏండ్లుగా దున్నుకుంటాండారు. ఊరికి పోతానే ఈమె పేర రాస్తా."

దొర కలం ఆగింది.

"గుడ్డ దొరా, ఎండకు ఏదో వాగుతాది," అన్నాడు కరణం.

"గుడారం అబద్ధమాడదు సామీ. నువ్వు సెప్పిందే!" మేకుల సుత్తి చేత్తో పట్టుకునే వెనకనుంచి అరిచాడు తిక్కయ్య.

ఈ దొర కూడా కర్నూల్లో మూడేళ్ళు గుడారాల్లో కొలువు చేసినవాడే. తన మాటలూ బయటపడతాయేమోనని పైకి చూశాడు. గుడారం ఇంకెవరిదో గొంతు సవరించుకుంటోంది. దొర గబగబా బామ్మర్ది పేరు కొట్టేసి, హులిగమ్మ పేరు రాసి, సంతకం గీకి లేచిపోయాడు.

గుడారం దించేటప్పుడు ఆమె కొడవలితో అతుకు కోసుకుంది.

"నా గుడారం కోస్తావేమే?" అని కరణం మీదికొచ్చాడు.

"నీది నువ్వే పెట్టుకో. నా గుడ్డ నేను తీసుకపోతాండా," అంది హులిగమ్మ. ఈసారి సామీ అనలేదు.

ఆ గుడ్డను చేన్లో కట్టెకు కట్టింది. రోజూ ఎండెక్కగానే ముందు ఆమె గొంతు కాళ్ళావేళ్ళా పడుతుంది. అంతసేపూ హులిగమ్మ తల వంచుకుని కలుపు తీస్తుంది. తర్వాత కరణం గొంతు, "ఆ చేను ఈమెదే దొరా," అంటుంది. అప్పుడు నడుమెత్తి, ఊరి వైపు తిరిగి, తుపుక్కున ఉమ్మేస్తుంది.