కాఫీ తెచ్చుకో, దేవ్

మా డ్రాఫ్ట్ గదిలో ఒక పాత ఆచారం ఉంది. బల్ల చుట్టూ కూర్చున్నవాళ్లలో ఎవరి బంధువైనా చర్చకు వచ్చాడంటే, మేనేజర్ ఆ మనిషి వైపు చూసి "వెళ్లి కాఫీ తెచ్చుకో" అంటాడు. ఆ మనిషి లేచి బయటికి పోవాలి. కాఫీ తాగాడా, పారబోశాడా ఎవరికీ పట్టదు. పిలిచేదాకా లోపలికి రాకూడదు, వచ్చాక ఏం మాట్లాడుకున్నారని అడగకూడదు. అలా కాఫీకి వెళ్లినవాళ్లను చాలామందిని చూశాను. నన్ను మాత్రం ఎవరూ పంపలేదు. బిట్రగుంట రైల్వే కాలనీలో పుట్టినవాడికి ఇల్లినాయ్‌లో ఐస్ హాకీ ఆడే బంధువులు ఎక్కడి నుంచి వస్తారు?

ఈ మే నెలలో ఆ ముచ్చటా తీరింది. డ్రాఫ్ట్‌కు వచ్చిన కుర్రాళ్లలో మా అమ్మాయి ప్రిస్సిల్లా కొడుకు ఇమ్మాన్యుయేల్, మా ఇమ్ము, ఉన్నాడు. రిటైరవుతున్న నాకేమో అదే ఆఖరి డ్రాఫ్ట్.

స్కౌట్ అంటే ఏమిటని మా చర్చిలో ఎవరైనా అడిగితే, పెళ్లిళ్ల పేరయ్యలాంటివాణ్ణని చెప్తాను. ఊరూరా తిరిగి పదిహేను, పదహారేళ్ల పిల్లల ఆట చూసి, ఎవరు మా జూనియర్ టీమ్‌కు పనికొస్తారో చెప్పాలి. ఏడాదికోసారి లీగ్‌లోని టీములన్నీ వంతులవారీగా ఒక్కో కుర్రాణ్ణి ఎంచుకుంటాయి. అదే డ్రాఫ్ట్. అందులో పడితే కాలేజీ హాకీకి దారి దొరుకుతుంది. పడకపోతే చాలామంది ఆట అక్కడితో సరి.

నా అసలు ఉద్యోగం నేపర్‌విల్‌లో ఒక హాస్పిటల్‌లో ఎక్స్‌రేలు తీయడం. వారమంతా విరిగిన ఎముకలు చూసేవాణ్ణి, వారాంతాల్లో వాటిని విరగ్గొట్టుకునేవాళ్లను చూసేవాణ్ణి. ఈ రెండో పనిలోకి నన్ను లాగినవాడు స్టాన్ కొవాల్‌స్కీ. మేం కొత్తగా కాపురం పెట్టినప్పుడు అదే అపార్ట్‌మెంట్‌లో కింద ఉండేవాడు. అప్పటికే ఈ టీమ్‌లో స్కౌట్. ఊరి నుంచి తెచ్చుకున్న హాకీ కర్రతో నేను పార్కింగ్ లాట్‌లో టెన్నిస్ బంతిని ఆడిస్తుంటే చూసి, అడ్డంగా వచ్చి నిలబడ్డాడు. నన్ను దాటుకుని బంతి తీసుకెళ్లు చూద్దాం అన్నాడు. నేను ఎడమ భుజం దించాను. అతను అటు వంగాడు, నేను ఇటు దాటాను. మళ్లీ అన్నాడు. మళ్లీ దాటాను. అంత పెద్ద మనిషి చిన్నపిల్లాడిలా నవ్వాడు.

ఆ విద్య నాది కాదు. లోకో షెడ్డు పక్క మైదానంలో, పెరీరా అనే ఆంగ్లో ఇండియన్ ఇంజన్ డ్రైవరు మా రైల్వే పిల్లలకు నేర్పాడు. డ్యూటీ దిగి, బొగ్గు చేతులు కూడా కడుక్కోకుండా వచ్చేవాడు. "భుజంతో అబద్ధం ఆడు, కర్రతో నిజం చెప్పు" అని అరిచేవాడు. అర్థమయ్యేదాకా పరిగెత్తించేవాడు. ఇప్పటికీ ఎక్కడైనా బొగ్గుపొగ వాసన తగిలితే నాకు ఆ మైదానమే గుర్తొస్తుంది, గుండె కలుక్కుమంటుంది.

స్టాన్, నేను కలిసి తిరిగిన చలికాలాలు నా జీవితంలో మంచి రోజులు. విస్కాన్సిన్, మిన్నెసోటా, మిషిగన్, ఎక్కడ మంచు మీద ఆడే రింకు ఉంటే అక్కడికి అతని పాత ఫోర్డ్‌లో వెళ్లేవాళ్లం. ఆ కారులో హీటరు ఒక వైపే పనిచేసేది. ఆ వైపు ఎవరు కూర్చోవాలన్న దగ్గర మొదలైన గొడవ రింకు చేరేదాకా సాగేది. "ఆదివారం ఆరాధన మానేసి ఆ మంచుగడ్డల దగ్గర ఏం దొరుకుతుందండీ మీకు?" అని మా ఆవిడ జ్ఞానమ్మ సణుగుతూనే అన్నం, ఎండు రొయ్యల పొడి కట్టిచ్చేది. స్టాన్ కళ్లనీళ్లు తుడుచుకుంటూ తిని, ఇంకొంచెం పెట్టమనేవాడు. మార్చి దాకా కారులో రొయ్యల వాసన పోయేది కాదు.

గోల్స్ ఎవరైనా లెక్కపెడతారు. వంకాయలు కొనేటప్పుడు తొడిమ చూడమనేది మా అమ్మ. నేనూ అంతే, కుర్రాడు తప్పు చేసి బెంచీ మీదికి వచ్చాక ఏం చేస్తాడో చూసేవాణ్ణి. కొందరు కర్ర విసిరికొడతారు, కొందరు అమ్మానాన్నల వైపు చూస్తారు. మళ్లీ ఎప్పుడు దిగుదామా అని మంచు వైపే చూసేవాడు నాకు కావాలి. స్టాన్ కూడా వాడి పేరే రాసేవాడు. మాకు పేచీ హీటరు దగ్గరే గాని ఆట దగ్గర లేదు.

డ్రాఫ్ట్ కూడా అప్పట్లో డ్రాఫ్ట్‌లా ఉండేది. హోటల్ హాలులో ఒక్కో టీమ్‌కు ఒక్కో బల్ల. కుర్రాళ్లు బిగుసుకుపోయిన కోట్లలో, తల్లిదండ్రులతో గోడవారన కూర్చునేవాళ్లు. పేరు పిలవగానే ఎవరో తల్లి కేక పెట్టేది, హాలంతా నవ్వేది. ఇప్పుడు ఎవరి ఆఫీసులో వాళ్లు కూర్చుంటారు. తెర మీద ఒక గడిలో పేరు మారుతుంది, అంతే. ఒక పిల్లవాడి బతుకు మలుపు తిరిగిన చప్పుడు ఎవరికీ వినపడదు.

స్టాన్‌తో చెడింది కాఫీ దగ్గరే. ఒక ఏడాది అతని మేనల్లుడి పేరు వచ్చింది. స్టాన్ కాఫీకి వెళ్లాడు. నన్నడిగితే ఉన్నమాట చెప్పాను. కుర్రాడు బుద్ధిమంతుడు, కాళ్లలో వేగం లేదు అన్నాను. తీసుకోలేదు. ఎవరు మోశారో గాని, ఆ మాట అతనికి చేరింది. "నువ్వైనా ఒక మాట సాయం చేస్తావనుకున్నాను" అన్నాడు. నాకూ తిక్క రేగింది. "మాట సాయానికి కాదు నన్ను కూర్చోబెట్టింది, చూసి చెప్పడానికి" అన్నాను. మరుసటి ఏడు అతను విస్కాన్సిన్ టీమ్‌కు మారిపోయాడు. ఆ తరవాత ఏ రింకులో చూసినా అతను ఆ చివర, నేను ఈ చివర. నేను చెప్పింది తప్పని ఇప్పటికీ అనుకోను. కానీ ఆ ప్రయాణాలు లేక నా చలికాలాలు బోసిపోయాయి. పక్క సీట్లో హీటరు కోసం పోట్లాడేవాడు లేకపోతే వెచ్చగా కూర్చుని ఏం లాభం?

ఇమ్ము అప్పటికి ఇంకా పుట్టలేదు. వాణ్ణి రింకులో మ్యానీ అంటారు. నాలుగేళ్లప్పుడు మొదటిసారి స్కేట్ల తాళ్లు కట్టింది నేనే. డ్రైవ్‌వేలో నా పాత కర్ర చేతికిచ్చి, టెన్నిస్ బంతితో పెరీరా పాఠం చెప్పిందీ నేనే. వాడు పెద్దయి ఆటలో పడ్డాక, బంధువు కాబట్టి వాడి మీద నేను రిపోర్టు రాయకూడదు. వాడి ఆట చూస్తుంటే చేతులు కట్టేసి పప్పన్నం ముందు కూర్చోబెట్టినట్టు ఉండేది.

డ్రాఫ్ట్ ముందు ఆదివారం, షామ్‌బర్గ్‌లో మా తెలుగు చర్చిలో జ్ఞానమ్మ వాడి కోసం ప్రార్థించమని అడిగింది. భోజనాల దగ్గర ఒక పెద్దావిడ నన్ను పట్టుకుంది.

"ఏం బ్రదర్ గారూ, సెలెక్షన్ చేసేది మీరేనంట గదా! ఇంక పిల్లోడికి ప్రార్థనెందుకండీ? వడ్డించేవాడు మనవాడైతే కడబంతిలో కూర్చున్నా ఫర్వాలేదు."

అందరూ నవ్వారు. కారులో ఇమ్ము ఆ సామెతకు అర్థం అడిగాడు. జ్ఞానమ్మ సంబరంగా విడమరిచి చెప్పింది. ఇంటికొచ్చి నేను గరాజ్‌లో కారు ఆపి దిగుతుంటే వాడు దగ్గరికి వచ్చాడు.

"తాతా, నువ్వు సర్వ్ చేసేవాడివా?"

"కాదురా."

"నా గురించి ఏం చెప్పొద్దు. గుడ్ అని కూడా చెప్పొద్దు. నీ వల్ల పిక్ చేస్తే, నేను రియల్లీ గుడ్ అవునో కాదో, నాకు ఎప్పుడూ తెలీదు. ప్రామిస్?"

"ప్రామిస్" అన్నాను. వాడు ఎంపిక కావాలి. నా మొహం చూసి కాకూడదు. ఈ రెండూ ఒకేసారి కోరుకోవడం ఎంత నరకమో ఆ వారమంతా తెలిసింది.

డ్రాఫ్ట్ రోజు ఆఫీసుకు వెళ్లేసరికి పక్కబల్ల మీద ఒక కేకు పెట్టె ఉంది. ఆఖరి రోజు కదా, నాకోసమే అనుకుని చూడనట్టు కూర్చున్నాను. మేనేజర్ నన్ను చూసి అదోలా నవ్వాడు. ఆ నవ్వు నాకు నచ్చలేదు. నా ఎదురుగా పూజిత. వరంగల్ నుంచి వచ్చి ఇక్కడ మాస్టర్స్ చేసి, మా టీమ్‌కు ఆట వీడియోలు, అంకెలు చూస్తుంది. మొహమాటం తెలియని పిల్ల. రౌండ్లు గడుస్తున్నాయి. ఏడో రౌండ్ అయింది. ఎనిమిదోదానిలో మా వంతు రావడానికి ముందు పూజిత కంప్యూటర్ మూసి, మేనేజర్‌తో ఏదో అనబోయింది. ఆయన చెయ్యెత్తి ఆపి, నా వైపు తిరిగాడు.

"కాఫీ తెచ్చుకో, దేవ్."

వెళ్లాను. నడవా చివర కాఫీ మిషను. పక్కన అద్దంలోంచి రింకు కనపడుతుంది. మంచు చదును చేసే బండి మెల్లగా తిరుగుతోంది. కప్పు నింపుకుని నిలబడ్డాను. లోపలున్నది నా స్నేహితులు. అదే నా భయం. మొహమాటం మన తెలుగువాళ్ల సొత్తు అనుకుంటాం గాని, మంచివాళ్లు ఎక్కడున్నా దానికి లొంగుతారు. ముసలాడు వెళ్లిపోతున్నాడు, మనవణ్ణి ఆఖర్న తీసుకుందాం, పోయేదేముంది అంటారు. పోయేది ఏమిటో వాళ్లకు తెలియదు, ఇమ్ముకు తెలుసు. తలుపు తోసుకుని వెళ్లి వద్దని చెప్పాలనిపించింది. ఏమీ చెప్పనని మాటిచ్చానే! వద్దని కూడా చెప్పకూడదు. చేతులు వెచ్చబెట్టుకుంటూ, చల్లారే కాఫీ తాగుతూ నిలబడ్డాను. అంత చేదు కాఫీ ఎన్నడూ తాగలేదు.

తలుపు తీసింది పూజితే. మొహం కందగడ్డలా ఉంది.

"రండి అంకుల్. అయిపోయింది."

"ఏమైంది?" అడగకూడదని తెలిసీ అడిగాను.

"విస్కాన్సిన్ వాళ్లు తీస్కున్నరు. ఇప్పుడే, మా కళ్ల ముందట్నే. మస్తు చెప్పిన అంకుల్, ఈ రౌండ్‌లనే తీస్కుందాం, నంబర్స్ బాగున్నయ్ అని. ఈయన వింటేనా! ఎవరు తీస్కుంటరు, లాస్ట్ రౌండ్‌ల దేవ్‌కి సర్‌ప్రైజ్ ఇద్దామన్నడు."

విస్కాన్సిన్ అంటే స్టాన్. మా టీమ్‌లో వడ్డించేవాడు నేనైతే కదా మొహమాటం! అక్కడ వడ్డించేవాడు నా మొహం చూడడం మానేసి పదిహేడేళ్లయింది.

లోపలికి వెళ్తే మేనేజర్ ప్లాస్టిక్ కత్తితో కేకు మీద ఏదో గీకుతున్నాడు. "దేవ్" అన్న పేరు అలాగే ఉంది. దాని పక్కన "మ్యానీ" అన్న నీలం క్రీము సగం పోయింది. పొద్దుటి నుంచీ ఆ పెట్టెలో ఉన్నది అదన్నమాట. నా మనవణ్ణి తాంబూలంలా నా చేతిలో పెట్టి సాగనంపుదామనుకున్నారు! ఒక్క క్షణం ఒళ్లు మండింది. ఆయన దొంగ దొరికినట్టు మొహం పెట్టేసరికి నవ్వొచ్చేసింది. నీలం క్రీము ఉన్న ముక్కే అడిగి తిన్నాను. నా మనసు అంత తేలిగ్గా ఉండి ఎన్నాళ్లయిందో.

పార్కింగ్ లాట్‌లోకి రాగానే ఇమ్ము ఫోన్.

"తాతా! చూశావా? నువ్వు ఏం చెప్పలేదుగా?"

"లేదురా. నన్ను కాఫీకి పంపారు."

"కానీ ఆ స్టాన్ నీతో మాట్లాడడు కదా? అమ్మ చెప్పింది. మరి నన్నెందుకు పిక్ చేశాడు?"

"అందుకేరా నీకు తెలియాల్సింది తెలిసింది."

వాడి ఎక్కిళ్లు వినిపించాయి. నేనూ కళ్లు తుడుచుకున్నాను.

కారు ఎక్కి తాళం తిప్పేలోగా మళ్లీ ఫోన్ మోగింది. ఆ నంబరు ఇన్నేళ్లూ నేను తీసేయలేదు, అతను మార్చలేదు.

"నీ మీద ప్రేమతో తీసుకున్నాననుకోకు" అన్నాడు స్టాన్. హలో లేదు, ఏమీ లేదు. గొంతు ముసలిదైంది.

"అనుకోను."

"మొదటిసారి చూసినప్పుడు ఎవరి మనవడో నాకు తెలియదు. ఎడమ భుజం దించాడు. అడ్డుకోబోయిన కుర్రాడు అటు వంగాడు, వీడు ఇటు దాటేశాడు. అప్పుడు తెలిసింది."

"అందుకని తీసుకున్నావా?"

"అందుకే వద్దనుకున్నాను. ఏడాదంతా వద్దనుకుంటూనే చూశాను దేవ్. ఒక్క సాకు దొరకలేదు." ఊపిరి పీల్చుకున్నాడు. "నిన్ను కాఫీకి పంపారా?"

"పంపారు."

"ఎలా ఉంది?"

"చాలా చేదుగా ఉంది, స్టాన్."

"నాకు తెలుసు" అన్నాడు.

ఇద్దరిలో ఎవరూ ఫోన్ పెట్టేయలేదు.

"జూన్‌లో క్యాంపు" అన్నాడు చివరికి. "కుర్రాణ్ణి నువ్వే తీసుకురా. నా కారులో హీటరు ఇప్పుడు రెండు వైపులా పనిచేస్తుంది."

"జూన్‌లో హీటరు దేనికయ్యా?"

"అయితే ఆ రొయ్యల పొడి తీసుకురా."

ఫోన్ పెట్టేశాక వెంటనే బండి తీయలేకపోయాను. తరవాత జ్ఞానమ్మకు ఫోన్ చేసి, ఇంట్లో ఎండు రొయ్యలు ఉన్నాయా అని అడిగాను.