తడి రాయి

"తాటాకు పందిట్లో పడుకోబెట్టడానికి నేనేమన్నా గొడ్డునా?" అంది హజ్రా బీ, మంచం పట్టె వదలకుండా. కొడుకు కాలేషా రెండో పట్టె పట్టుకుని మంచాన్ని గడప దాటించాలని చూస్తున్నాడు. వాన పట్టి పనుల్లేని ఆ నాలుగు రోజులూ పొద్దున లేస్తే ఇంట్లో ఇదే పంచాయితీ.

"తాటాకు నెత్తిన పడ్డా బతుకుతావమ్మా. రాయి పడితే బతకవు."

"ఈ కప్పు వేసింది నువ్వే కదరా. ఇరవై ఏళ్ళుగా లేని భయం ఇప్పుడేంది?"

"నేను వేసిందనే."

ఆ మాటకు వంటింటి గుమ్మంలో బియ్యం ఏరుతున్న చాంద్ బీ చెయ్యి ఆగింది. మొగుడి మొహంలోకి చూసింది. అతను మంచం వదిలేసి, అలవాటుగా గోడను వేలి కణుపుతో తట్టి, చెవి ఆనించి విన్నాడు.

మాచర్లలో నాపరాళ్ళ కప్పు వేయించాలంటే కాలేషా మేస్త్రీనే పిలిచేవాళ్ళు. సుత్తితో రాయిని తట్టి, దాని గొంతు విని, దూలాల మీదికి ఎక్కించాలో పక్కన పడేయాలో చెప్పేవాడు. మంచి రాయి కంగుమంటుంది. లోపల బీట ఉన్న రాయి చచ్చు మోత మోగుతుంది. సంతలో ఆడవాళ్ళు కుండ తట్టి కొనడం లాంటిదే. కానీ నాలుగు నెలలుగా అతను రాళ్ళనే కాదు, గడపను తడుతున్నాడు, నీళ్ళ బానను తడుతున్నాడు, అన్నం పెట్టిన పళ్ళేన్ని కూడా తట్టి విని గానీ తినడం లేదు.

నాలుగు నెలల కిందట పక్క వీధిలో, వీళ్ళ పెరటి గోడ అవతలే ఉన్న శౌరి ఇంటి వసారా కప్పు కూలింది. కింద చేట పట్టుకుని బియ్యం చెరుగుతున్న శౌరి తల్లి పాపమ్మ కూర్చున్నచోటే పోయింది. అంతకు ముందు కార్తీకంలో ఆ కప్పు వేసింది కాలేషానే. అయినా అతన్నెవరూ ఒక్క మాట అడగలేదు. కోడలు ఎస్తేరు ఆ పొద్దున నాలుగు బస్తాల మిరపకాయలు కప్పు మీదికి ఎక్కించింది, ఆ బరువుకే పడిందని ఊరంతా తేల్చేసింది. ఎస్తేరూ అదే నమ్మింది. పాపమ్మ పెట్టెను సమాధుల దాకా మోసిన నలుగురిలో కాలేషా ఒకడు.

అప్పట్నుంచి చాంద్ బీకి చేట చప్పుడు వినపడుతూనే ఉంది. ఎక్కడా ఎవరూ చెరగకపోయినా సరే, పదకొండు గంటలయ్యేసరికి గోడ అవతల సర్రు సర్రుమంటుంది. దానికి తోడు, "ఏమే చాందూ, కూరేందే ఇయ్యాల?" అని పాపమ్మ అరుస్తుందేమోనని ఆమె కూర పొయ్యి మీద పెట్టకుండా నిలబడిపోతుంది.

దానికన్నా ఎస్తేరు రావడం కష్టంగా ఉంది. చేబదులు కాఫీపొడికో, సూదికో వస్తుంది. పోతూ పోతూ గుమ్మంలో ఆగి, "వదినా, నాలుగు బస్తాలకే పడిపోయిద్దా కప్పు? అన్నను ఒకసారి అడగవా?" అంటుంది. ఇప్పటికి మూడుసార్లు అడిగింది. మూడుసార్లూ చాంద్ బీ, "ఏమోనమ్మా," అంది. ఎస్తేరు మనిషి సగమైపోయింది. చర్చికి పోవడం మానేసింది.

"నాయనా, ఆ కాగితం ఇయ్యాలన్నా పూర్తి చేద్దామా?" అంది కూతురు గుల్జార్, కుట్టుమిషను మీద గుడ్డ పక్కకు తోసి.

ఆ కాగితం తెచ్చింది సాంబశివరావు అనే రిటైరైన ఇంజనీరు. నరసరావుపేట నుంచి వచ్చి రాళ్ళ అడితి దగ్గర మేస్త్రీలందరినీ కూర్చోబెట్టాడు. ఎక్కడ కప్పు కూలినా, గోడ బీటలిచ్చినా ఎందుకో రాసి పంపమన్నాడు. పేరు వద్దు, ఊరు వద్దు, ఎవరు రాశారని అడిగేవాడు లేడు. ఆ కారణాలన్నీ అచ్చు వేయించి జిల్లాలో మేస్త్రీలకు పంచుతానన్నాడు. "పక్కవాడి తప్పు మనకు తెలిస్తే మన చేతిలో మనిషి పోడు," అని చెప్పి తలా ఒక కాగితం, స్టాంపు అంటించిన కవరు ఇచ్చి వెళ్ళాడు. చదువు రాని కాలేషా దాన్ని పదిహేను రోజులు దిండు కింద పెట్టుకున్నాడు.

ఇప్పుడు మంచం మీద తల్లి పక్కన కూర్చుని, "రాయమ్మా," అన్నాడు.

గుల్జార్ ఒక్కో ప్రశ్నా చదివింది. ఏం కూలింది? వసారా. దేంతో వేశారు? నాపరాయి.

"ఎందుకు పడింది నాయనా?"

కాలేషా చేతులు చూసుకున్నాడు. "కప్పు వేసిన రోజు పొద్దున్నే వాన పడింది. రాళ్ళన్నీ తడిసినయ్. తడిసిన రాయి మంచిదైనా చచ్చు మోతే మోగుద్ది. మూడో రాయి మరీ చచ్చుగా మోగింది. తడికే అనుకున్నా. ఒక్క రోజు ఎండబెట్టి మళ్ళీ తట్టి ఉంటే లోపల బీట తెలిసేది. తడి రాయిని తట్టి నమ్మొద్దని రాయి. అది అందరికీ తెలియాలి."

గుల్జార్ రాసింది. హజ్రా బీ తల ఎత్తి కప్పు వైపు చూసింది.

"బస్తాలు?" అని అడిగింది చాంద్ బీ.

"మంచి రాయైతే పది బస్తాలు మోసేది."

చాంద్ బీ పళ్ళెం కింద పెట్టింది.

"ఇంకొక్కటే ఉంది," అంది గుల్జార్. "తొందరపడి చేశారా? ఎందుకు?"

కాలేషా భార్య వైపు చూడబోయి, చూపు తిప్పుకున్నాడు. "ఏం లేదని రాయి," అన్నాడు.

కానీ చాంద్ బీకి ఆ రోజు కళ్ళకు కట్టినట్టు గుర్తొచ్చింది. బొల్లాపల్లిలో తన తమ్ముడి పెళ్ళి. మధ్యాహ్నం సద్ది పట్టుకుని శౌరి ఇంటికి పోయి, దూలం మీదున్న మొగుడితో, సాయంత్రం బస్సు తప్పితే పుట్టింట్లో నా మొహం ఎక్కడ పెట్టుకోవాలి, రేపంటే కుదరదు అని అందరిలో గొణిగింది తనే. పాపమ్మ నవ్వి, "పోనీలేరా కాలేషా, నీ పెళ్ళాం కోసమన్నా ముగించు," అంది.

"ఇంట్లోదాని తొందర అని రాయవే," అంది చాంద్ బీ.

"అమ్మా."

"రాయి. అచ్చులో అది కూడా పడాల."

గుల్జార్ రాసి, కవరులో పెట్టి అంటించింది. హజ్రా బీ ఊపిరి పీల్చుకుంది. "పోతే పోయింది. పేరు లేదుగా. ఇక ఎవరూ నోరు మెదపమాకండి. శౌరి అన్నదమ్ములకు తెలిస్తే ఊరుకుంటారా? రేపు ఎవడు పిలుస్తాడు వీణ్ణి పనికి?"

కాలేషా కవరు తీసుకుని చొక్కా జేబులో పెట్టుకున్నాడు. ఆ కవరు నరసరావుపేట పోతుంది, జిల్లాలో ఎన్నో కప్పుల్ని కాపాడుతుంది. అందులో ఎస్తేరుకు మాత్రం ఒక్క ముక్కా లేదు. రేపో ఎల్లుండో ఆమె మళ్ళీ గుమ్మంలో నిలబడి అదే మాట అడుగుతుంది.

గోడ అవతల చేట చప్పుడు మొదలైంది. చాంద్ బీ లేచి, చేతులు కడుక్కుని, కొంగు తల మీదికి లాక్కుంది. అత్తను, మొగుణ్ణి, కూతుర్ని ఒకసారి చూసింది.

"నేను ఎస్తేరు కాడికి పోతున్నా," అంది నెమ్మదిగా. "నాలుగు బస్తాలకు ఆ కప్పు పడదని చెప్తా. రాయి ఎట్టా పెట్టామో, ఎందుకు పెట్టామో మన పేర్లతోనే చెప్తా. ఆ తర్వాత మనల్ని ఏం చేస్తారో వాళ్ళిష్టం."