కరివేపాకు కుండీ మీద తీర్పు

నరసింహమూర్తికి మియాపూర్‌లో కొత్తగా పెట్టిన ప్రభుత్వ విత్తనాల గిడ్డంగిలో ఉద్యోగం. అక్కడ ఇల్లు దొరక్క కొత్తగూడలో బాలనర్సయ్య ఇంట్లో రెండు గదులు కిరాయికి తీసుకున్నాడు. భార్య రత్నమాల రాజమండ్రి నుంచి కాపురానికి వస్తూ ఒక కరివేపాకు మొక్కను కుండీతో సహా రైల్లో ఒళ్లో పెట్టుకుని తెచ్చింది. గోదావరి ఒండ్రుమట్టిలో పెరిగిన కరివేపాకుకు తప్ప ఇంకే కరివేపాకుకూ వాసన ఉండదని ఆవిడ గట్టి నమ్మకం.

కుండీ వంటగది కిటికీలో వెలిసింది. ఎండల దేశం, మొక్క వడిలిపోతుందేమోనని రత్నమాల పొద్దునా సాయంత్రం చెంబెడు నీళ్లు పోసేది. ఇంటావిడ చంద్రమ్మది ఇంకో రకం జాలి. "కాలువల పక్కన పుట్టిన చెట్టు, పాపం, మస్తు దూపైతది దానికి" అంటూ తనూ బావి నీళ్లు తెచ్చి కిటికీలోంచి పోసేది. ఇద్దరి ప్రేమా కలిసి కుండీలో మట్టి ఎప్పుడు చూసినా నానబెట్టిన పిండిలా ఉండేది.

ఒకరోజు నరసింహమూర్తి మజ్జిగన్నం కలుపుకుంటుండగా ఆ కుండీలోంచి పొగలా నుసుములు లేచాయి. చూడ్డానికి దోమల్లాగే ఉన్నాయి గానీ కుట్టవు. అలాగని ఊరుకోవు. మనిషి ముఖం కనిపిస్తే చాలు, ముక్కులోకి, కళ్లలోకి, నోరు తెరిస్తే నోట్లోకి. నాలుగు రోజులు తిరిగేసరికి ఆయనకు పెదాలు కదపకుండా మాట్లాడడం అలవాటైపోయింది. గిడ్డంగిలో పై అధికారి జాలిపడి, పళ్ల డాక్టరు దగ్గరికి వెళ్లమని సెలవు కూడా ఇచ్చాడు.

రత్నమాల సాంబ్రాణి పొగ వేసింది. మొగుడూ పెళ్లాలిద్దరూ దగ్గుతూ వీధిలోకి పరుగెత్తారు; నుసుములు మాత్రం పొగ తగ్గాక తాపీగా వచ్చి మట్టి మీద కూర్చున్నాయి. వేపాకు కషాయం పోసింది. పసుపు నీళ్లు పోసింది. చంద్రమ్మ చెప్పగా పొగాకు నానబెట్టిన నీళ్లూ పోసింది. ఏ మందైనా పోసింది నీళ్లే కావడంతో నుసుములు ఇంకా పుష్టిగా తయారై, నడవా దాటి ఇంటివాళ్ల వైపుకు వెళ్లాయి. అక్కడ చంద్రమ్మ పొద్దున కాచుకున్న జొన్న గటకలో పడ్డాయి.

"ఏందమ్మా గిది? మీ ఆంధ్ర మట్టిలకెల్లి వచ్చిన పురుగులు మా గటకల పడవట్టె!" అంది చంద్రమ్మ గిన్నె పట్టుకొచ్చి.

"మా మట్టిలో పురుగులా? రాజమండ్రిలో ఈ మొక్క దగ్గర ఒక్కటి ఎగిరితే ఒట్టండి! అంతా మీ బావి నీళ్ల మహిమ!" అంది రత్నమాల.

ముల్కీ గొడవలు చల్లారీ చల్లారని రోజులవి. ఎవరు ముల్కీలు, అంటే ఏళ్లుగా ఇక్కడే ఉన్న స్థానికులు, ఎవరు కారు అన్న మాట మీద స్నేహితులు కూడా మాటలు మానేసుకున్నారు. ఆ ప్రశ్న నుసుముల దాకా రాలేదన్న లోటు కొత్తగూడలో ఆ పొద్దున్నే తీరిపోయింది. మధ్యాహ్నానికి తగవు పంచాయితీ పెద్దమనిషి ఎల్లేశం అరుగు మీదికి చేరింది. సాక్ష్యంగా కుండీని కూడా మోసుకెళ్లారు.

ఎల్లేశం కుండీ చుట్టూ ఒకసారి తిరిగాడు. "ఈ పురుగులు ఎన్నేండ్ల సంది ఉంటున్నయ్ ఇక్కడ?"

"ఏండ్లెక్కడివి పటేలా? మొన్నమొన్ననే గదా" అన్నాడు బాలనర్సయ్య.

"గట్లయితే ముల్కీలు కావు."

నరసింహమూర్తి లేచాడు. ఎన్నడూ పదిమందిలో నోరు విప్పని మనిషి, పైగా విప్పితే పురుగులు దూరతాయన్న భయం. అయినా భార్య చూస్తోంది. "అయ్యా, నుసుముల ఆయుష్షు ఎంతండీ? ఇవి ఇక్కడే గుడ్డులోంచి వచ్చాయి. వీటి అమ్మలూ ఇక్కడే పుట్టాయి. తాతల నాటి నుంచి కొత్తగూడ వాస్తవ్యులే అన్నమాట" అన్నాడు పెదాలు కదపకుండా.

జనం గుసగుసలాడారు. వాదన బలంగానే ఉంది. ఎల్లేశం గొంతు సవరించుకోబోయి ఒక వాస్తవ్యుణ్ణి మింగాడు. ఉమ్మేసి, మీసం తుడుచుకుని తీర్పు చెప్పాడు.

"మట్టి సార్‌ది. నీళ్లు నర్సయ్యవి. పురుగులు రెంటికి కలిసి పుట్టినయ్. ఇగ ఎవలది వాళ్లు వాపస్ తీస్కోవాలె."

"తడిసిన మట్టిలోంచి నీళ్లెలా తీస్తామండీ?"

"నీకెందుకు ఫికర్ సార్, నీది మట్టి. నీళ్లు నర్సయ్య తీస్కుంటడు. ఆయన నీళ్లు ఆయనకు ముట్టేదాంక ఎవ్వలు గూడ కొత్త నీళ్లు పోయొద్దు. పోస్తే పాతయేవో కొత్తయేవో తెల్వదు."

బాలనర్సయ్య ఇంటికొచ్చి కుండీని చెంబు మీదికి వంచాడు. అడుగు చిల్లులోంచి కాసిని మురికి నీళ్లు కారాయి. మిగతావి ఎండకు గానీ రావని తేల్చి, ఇంటి వెనక పెద్ద బండ మీద పెట్టాడు. బండ పెనంలా కాలుతోంది. కొత్త నీళ్లు పోయనీయకుండా చంద్రమ్మ కాపలా కూర్చుంది. చారెడు మట్టి కూడా పోనీయకుండా రత్నమాల కూర్చుంది. మొదట ఇద్దరూ ఒకరికొకరు వీపు పెట్టుకున్నారు. ఎండ ఎక్కేసరికి గొడుగు ఒక్కటే కావడంతో దగ్గరికి జరగక తప్పలేదు. ఆ మర్నాటికి చంద్రమ్మ తన తొలి కాన్పు కష్టం చెబుతోంది, రత్నమాల కళ్లు తుడుచుకుంటోంది.

కుండీలో పైమట్టి నెర్రెలిచ్చింది. అందులో కదిలే తెల్లటి దారపు ముక్కల్లాంటి పిల్లపురుగులు ఎండి రాలిపోయాయి. తడి లేనిచోట గుడ్లు పెట్టుకోలేక నుసుములూ రోజురోజుకీ పలచబడ్డాయి. ఒక సాయంత్రం నరసింహమూర్తి కుండీ మీదికి వంగి, నోరు బార్లా తెరిచి చాలాసేపు నిలబడ్డాడు. ఒక్కటీ రాలేదు.

కానీ మొక్క ఆకులు రాల్చడం మొదలుపెట్టింది. రత్నమాల చెంబు చేత్తో పట్టుకుని బండ చుట్టూ తిరిగేది. పోయడానికి తీర్పు అడ్డం. ఎల్లేశం ఏమో నీళ్లు ముట్టినట్టు నర్సయ్య ఇంటివాళ్లు వచ్చి చెప్పందే ఒప్పుకోనన్నాడు. నర్సయ్యకు ముట్టింది గ్లాసుడు మురికి. మిగిలినవి తనకు రావాల్సిందేనని ఆయన పట్టుబట్టాడు.

ఆకులు నాలుగంటే నాలుగే మిగిలిన రోజున చంద్రమ్మ కొంగు నడుముకు చుట్టుకుని ఎల్లేశం అరుగెక్కింది. వెనకాలే నరసింహమూర్తి వెళ్లాడు.

"మా నీళ్లు మాకు ముట్టినయ్ పటేలా."

"అన్నీనా?"

"అన్ని."

"యాడ పెట్టినవ్? జర చూపియ్."

"తాగిన" అంది చంద్రమ్మ, రెప్ప వేయకుండా.

ఎల్లేశం ఆవిడ ముఖంలోకి చూశాడు. ఆ బురద నీళ్లన్నీ తాగిన మనిషిలా లేదు. కానీ తాగలేదని రుజువు చేయడం ఆయన వల్ల కాదు. "సరే తియ్" అన్నాడు.

ఆ రోజు రత్నమాల పోసింది సగం చెంబే. ఆ తర్వాత వేలు గుచ్చి చూసి, లోపల తడి తగలకపోతేనే పోయాలని ఇద్దరూ ఒప్పందానికి వచ్చారు. నరసింహమూర్తి పైన ఎర్ర మొరం కంకర ఒక పొరగా పరిచాడు, మళ్లీ ఏ నుసుమూ గుడ్లు పెట్టకుండా. వానలు పడేసరికి మొక్క చిగురించింది. చంద్రమ్మ ఒక రెమ్మ తుంచి తన పులుసులో వేసుకుని, రుచి చూసి, "మా దాని లెక్కనే ఉన్నది" అంది. రత్నమాల ఏదో అనబోయి, ఇంకో రెమ్మ తుంచి ఇచ్చింది.