కడ్డీ కొసన పేరుకున్నది

మా జీఎం అనంతరావుకు కార్బన్ నానోట్యూబులంటే ఏమిటో తెలియదు. నాగ్‌పూర్ సెమినార్‌లో భోజనాల దగ్గర ఆ మాట విన్నాడు, అంతే. తిరిగొచ్చి, ఘుగ్గుస్ దారిలోని మా స్పాంజ్ ఐరన్ ఫ్యాక్టరీ ల్యాబ్‌లో వాటిని తయారు చెయ్యమని నాకు హుకుం జారీ చేశాడు. తొంభై ఏడులో ప్రతివాడికీ ప్రపంచ మార్కెట్ పిచ్చే. డిసెంబర్ ఆఖరులోగా మంచి రిపోర్టు వస్తే కెమిస్టుగా నేను పర్మనెంటు, లేకపోతే ఇంటికి.

పాత వెల్డింగ్ సెట్టు, హీలియం నింపిన ఉక్కు డబ్బా, అందులో ఎదురెదురుగా రెండు గ్రాఫైట్ కడ్డీలు. మధ్య ఆర్క్ వెలిగిస్తే ఒక కడ్డీ అరిగి, రెండోదాని కొసన బూడిద రంగు బొడిపె పేరుకుంటుంది. వెంట్రుక కన్నా వేల రెట్లు సన్నటి ఆ కార్బన్ గొట్టాలు, అంటే ట్యూబులు, ఉండేది ఆ బొడిపెలోనే. గోడలకు పట్టేది ఉత్త మసి. ఈ ముక్క ఆయనకు నాలుగుసార్లు చెప్పాను. నాలుగుసార్లూ వాచీ చూసుకున్నాడు.

రెండు నెలలు తంటాలు పడితే ఒక్క మంచి బొడిపె వచ్చింది. మర్నాడు దసరా ఆయుధపూజ. నేను వెళ్లేసరికి కడ్డీలు పసుపు కుంకుమలతో తళతళలాడుతున్నాయి.

"దేవుని ముంగట మసి ఏంది? నేనే గీకిపిచ్చిన," అన్నాడు అనంతరావు గర్వంగా. "గోడలకున్నదంతా సీసాల పట్టిచ్చిన. గా సీసానే పరీక్షకు పుణె ల్యాబ్‌కు పంపుతున్న."

నెలకు రిపోర్టు వచ్చింది: ఉత్త మసి. తప్పు నాదేనని ముంబైలోని మా హెడ్డాఫీసుకు రాశాడు. సిగ్గన్నది ఆ మనిషికి ఎవరూ నేర్పలేదు.

ఇక ఇంటికేనని సామాన్లు సర్దుకుంటూ అటెండరు దేవన్నను అడిగాను. "కొసన గీకింది ఏడ పారేసినవ్ దేవన్నా?"

"పూజకు గీకింది పారేస్తరా మేడం? ఆముదంల కలిపి సారు కొత్త కారుకు దిష్టి చుక్క పెట్టిన."

నాకు నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది. తెల్ల కారు ముందు బంపర్ మీద రూపాయి బిళ్లంత చుక్క. డ్రైవర్ దాన్ని ముట్టకుండా మిగతా కారంతా రోజూ కడుగుతున్నాడు. బ్లేడుతో దాన్ని కాగితంలోకి గీకుతుంటే అనంతరావు పరుగున వచ్చాడు.

"నా కారు మీద ఏంది గీకుడు?"

"మీరు పుణెకు పంపనిది, సార్."

ఈసారి నా పేరుతో పంపాను. డిసెంబర్ చివర పుణె నుంచి మైక్రోస్కోపు ఫొటో వచ్చింది: సన్నటి గొట్టాలు, పక్కన కాస్త కారు పెయింటు. అనంతరావే పర్మనెంటు కాగితం తెచ్చి నా బల్ల మీద పెట్టాడు. మళ్లీ ఎట్లా చేస్తావని అడిగాడు.

ఐదోసారి చెప్పాను. వాచీ చూసుకున్నాడు.

కాగితం సంతకం పెట్టకుండానే తిరిగిచ్చేశాను.