రెండో సాక్షి

సీట్లాయన అబద్ధం ఆడడు. ఉన్నమాటని కాస్త సాగదీస్తాడు, అంతే. నలభై ఐదేళ్లుగా తోలుని సాగదీసి కారు సీట్లకి బిగిస్తున్న మనిషి, మాటని మాత్రం ఊరికే ఎందుకు వదిలిపెడతాడు? ఒకసారి తను రంగు వేసిన సీటుని చూసి ఎక్కడిదో గేదెదూడ పరుగెత్తుకొచ్చి, అమ్మ దొరికిందనుకుని దానికి ఆనుకుని పడుకుందని చెబుతాడు. ఇంకోసారి కారు ఎత్తుకుపోదామని వచ్చిన దొంగ ఆ సీట్లో కూర్చుని, హాయికి కళ్లు మూతలు పడి, యజమాని కాఫీ గ్లాసుతో వచ్చి లేపేదాకా లేవలేదట. వినేవాళ్లు నవ్వితే ఆయన నవ్వడు. వాళ్లు ఆ సీట్లో కూర్చోలేదు గనక నవ్వుతున్నారంటాడు.

అటువంటి మనిషి ఏడాదిగా ఒక్క విషయం మాత్రం కడుపులో దాచుకున్నాడు. కళ్లు మసకబారుతున్నాయి. ఏ రంగు చూసినా టీలో ముంచి తీసినట్టు కనిపిస్తోంది. నలుపూ నీలమూ అయితే కవలపిల్లలే అయిపోయాయి. షాపులో రంగు సీసాల్ని చోటుని బట్టి గుర్తుపట్టేవాడు: అలమర పై అరలో ఎడమ చివర నలుపు, కుడి చివర నీలం. ఒక కాలికి గోధుమరంగు మేజోడు, రెండో కాలికి ఆకుపచ్చది తొడుక్కుని ఆయన పెళ్లికి బయల్దేరిన రోజు నుంచీ భార్య కంటి డాక్టరు దగ్గరికి వెళదామని పోరుతూనే ఉంది. ఈగ కాలిమీద వెంట్రుకలు లెక్కపెట్టిన కళ్లకి డాక్టరెందుకని ఆయన కొట్టిపారేసేవాడు. లోపల మాత్రం గుబులు. డాక్టరు పనికిరావని తేల్చేస్తే? రంగు కలపలేనివాడికి షాపెందుకు, గుమ్మం మీద ఆ బోర్డెందుకు?

అలా నెట్టుకొస్తుండగా ఒకరోజు బావమరిది తండ్రిగారి కారుని లారీ వెనక కట్టించి లాక్కొచ్చాడు. తాబేలు వీపులాంటి గుండ్రటి పాత కారు. పెద్దాయన పోయాక ఇరవై ఏళ్లు దుప్పటి కింద పడుంది. ఇంజను సంగతి మెకానిక్కు చూసుకుంటానన్నాడు గానీ సీట్లు చూస్తే గుండె తరుక్కుపోయేలా ఉన్నాయి. ఎండకి వెలిసి, పెచ్చులు లేచి, ఎండిపోయిన చెరువు అడుగులా పగుళ్లు. అమ్మకి వచ్చేనెల ఎనభై ఐదు నిండుతాయట. ఆవేళ ఆ కారులో, వెనక సీట్లో ఎడమవైపు, తను ఎప్పుడూ కూర్చునే చోటే కూర్చుని ఊరంతా తిరిగి రావాలని ఆవిడ కోరిక.

"బజార్లో రెడీమేడ్ కవర్లు దొరుకుతున్నాయి బావా. తొడిగేస్తే సరిపోదూ?" అన్నాడు బావమరిది.

సీట్లాయనకి ఎక్కడో కాలింది.

"మీ నాన్న బతికుంటే ఆ మాటకి నిన్ను డిక్కీలో వేసి తాళం పెట్టేవాడురా. పాత తోలు మీదే పాత రంగు తెప్పిస్తాను. మీ అమ్మ చూసి వెంట్రుకవాసి తేడా ఉందంటే, ఈ బోర్డు పీకి మీ కోళ్లగూటికి తలుపుగా పెట్టుకో."

అనేశాక గాని తెలియలేదు, ఏం అన్నాడో. అలమర తుడుస్తున్న భార్య చెయ్యి ఒక్క క్షణం ఆగి, మళ్లీ తుడవసాగింది. అమ్మ వస్తుందంటే అరలన్నీ అద్దంలా ఉండాలి ఆవిడకి. సీసాలన్నీ దించి, బూజు దులిపి, ఒక్కొక్కటీ తుడిచి, బారుగా పెట్టింది.

పని మాత్రం ఆయన ప్రాణం పెట్టి చేశాడు. దాన్ని కాదనడానికి లేదు. సబ్బునీళ్లతో మెత్తటి బ్రష్షు పెట్టి ఇరవై ఏళ్ల దుమ్ము వదలగొట్టాడు. చిరుగుల వెనక బట్ట అతికించాడు. పగుళ్లలో ముద్దలాంటి మందు పలచగా పూసి, ఆరనిచ్చి, గరుకు కాగితంతో రుద్ది, మళ్లీ పూసి, మళ్లీ రుద్ది, అలా ఐదుసార్లు. ఇదంతా వేళ్ల పని. వేళ్లకి కళ్లతో పనిలేదు.

ఇక రంగు. సీటు అడుగున తోలుని లోపలికి మడిచి కుట్టినచోట ఎండా చెమటా సోకని వేలెడు పట్టీ ఉంటుంది. ఆ పనిలోవాళ్లు దాన్ని సాక్షి అంటారు. పైన ఎంత వెలిసినా కారు పుట్టిననాటి రంగు అక్కడ భద్రంగా ఉంటుంది. రంగు దాన్ని చూసే కలపాలి, దానిమీద మాత్రం చుక్క పడనివ్వకూడదు, తర్వాత వచ్చే పనివాడికి అదే ఆధారం. ఈ కారు సాక్షి బాగా పండిన దానిమ్మ గింజలాంటి మెరూన్. పొద్దున పదిగంటల వెలుగులో గుమ్మం దగ్గర కూర్చుని ఎరుపులో గోధుమరంగు కలిపాడు. తోలుముక్క మీద పూసి, ఆరబెట్టి, సాక్షి పక్కన పెట్టి చూశాడు. కాస్త తేలిపోయినట్టుంది. పై అరలో ఎడమ చివరి సీసా అందుకుని నాలుగు చుక్కలు వేశాడు. ఇంకా చాల్లేదు. ఇంకో నాలుగు. అప్పుడు రెండూ ఒక్కటిగా కనిపించాయి. తృప్తిగా నిట్టూర్చి, స్పాంజితో ఒక పూత, రంగు చిమ్మే గన్నుతో నాలుగు పూతలు వేసి, పైన మెరుపు రాని వార్నిషు కొట్టాడు.

అనుకున్న రోజు రానే వచ్చింది. ఆయన తలుపు తెరిచి పక్కకి తప్పుకున్నాడు. బావమరిది లోపలికి తొంగిచూసి నోరు తెరిచాడు. అక్కగారు వాడి మోచెయ్యి మీద గట్టిగా గిల్లింది. తెరిచిన నోరు అలాగే మూసుకుని, సీట్లు చాలా నున్నగా ఉన్నాయన్నాడు.

అత్తగారు కర్ర పట్టుకుని వచ్చారు. వంగి సీటు ఈ చివర నుంచి ఆ చివరికి అరచేత్తో నిమిరారు. కుట్లమీద వేళ్లు ఆపి ఆపి చూసుకున్నారు.

"ఇదే అల్లుడూ. ఇదే సీటు" అన్నారు.

సీట్లాయన ఛాతీ రెండంగుళాలు పెరిగింది. అందరూ కారెక్కారు. ఆవిడ ఎడమవైపు కిటికీ పక్కన ఒద్దికగా కూర్చుని, తెలిసిన ఇల్లు కనిపించినప్పుడల్లా ఎవరు కట్టారో, ఎవరు అమ్మారో చెప్పుకొస్తున్నారు. సిగ్నల్ దగ్గర పక్కన ఆగిన ఆటోలోంచి ఒక పిల్ల కేక పెట్టింది, "అమ్మా, వంకాయ సీట్లు" అని. సీట్లాయన పకపకా నవ్వాడు. పాపం ఇంత చిన్న వయసులోనే చూపు పోయిందే అని జాలిపడ్డాడు. కారులో ఇంకెవరూ నవ్వలేదు.

ఆ నవ్వకపోవడమే ఆయన్ని పట్టుకుంది. ఇంటికి వచ్చాక చొక్కా విప్పుతూ భార్యని పిలిచాడు.

"నిజం చెప్పు. ఏం రంగు?"

ఆవిడ చాలాసేపు చొక్కా మడత పెట్టింది. "వంకాయ."

"ఎండిపోయిన వంకాయా?"

"కాదండీ. నవనవలాడుతోంది."

ఆయన మంచం మీద కూలబడ్డాడు. ఆవిడ పక్కన కూర్చుంది. తప్పు తనదేనంది. ఆ రోజు తుడిచి పెట్టేటప్పుడు నలుపూ నీలమూ తారుమారు చేసేసినట్టుందని, కారు తలుపు తెరిచాక గాని తట్టలేదని చెప్పింది. సీసా మారితే తెలుసుకోలేని కళ్లది తప్పు గాని తుడిచిన చేతిది కాదన్నాడాయన. నలభై ఐదేళ్లలో ఆయన ఏమీ సాగదీయకుండా చెప్పిన మాట అదొక్కటేనేమో.

మర్నాడు కంటి ఆసుపత్రికి ఆయనే ముందు బయల్దేరాడు. చేయి పట్టుకుని అత్తగారినీ లాక్కెళ్లాడు. ఇదే రంగని తేల్చిచెప్పిన మనిషి కళ్లలో తనకంటే పెద్ద శుక్లం పొర ఉండి తీరాలని ఆయన లెక్క. ఉంది. ఇద్దరికీ ఒకే వారంలో ఆపరేషన్లు అయ్యాయి. అత్తా అల్లుడూ నల్లద్దాలు పెట్టుకుని పక్కపక్క కుర్చీల్లో కూర్చుంటే, ఏదో ముఠా నాయకుల్లా ఉన్నారని బావమరిది ఏడిపించాడు.

అద్దాలు తీయొచ్చని డాక్టరు చెప్పిన రోజున ఇద్దరూ కారు దగ్గరికి నడిచారు. ఆయన జేబులో బోర్డు మేకులు పీకే కటింగ్ ప్లేయరు కూడా ఉంది. తలుపు తెరిచాడు. ఎండలో సీట్లు, అప్పుడే తోటలోంచి కోసుకొచ్చినట్టు, నవనవలాడుతూ కనిపించాయి.

"మీరు ఇదే రంగన్నారు" అన్నాడు నెమ్మదిగా.

"రంగని ఎప్పుడన్నాను? సీటన్నాను. ఆవేళ నాకు రంగు కనిపిస్తేగా. చేత్తో తడిమితే ఒక్క పగులు తగల్లేదు. నా చోటు నాకు దొరికింది." ఆవిడ ఇంకోసారి తొంగిచూసి నోటికి కొంగు అడ్డం పెట్టుకున్నారు. "మీ మావయ్య ఇది చూసుంటే తోటమాలిని పిలిచేవారు."

సీట్లాయన జేబులోంచి ప్లేయరు తీశాడు. మాట అంటే మాటేనన్నాడు.

"బోర్డు దించితే దీన్నెవరు బాగుచేస్తారు? కళ్లొచ్చాయిగా, కూర్చుని మళ్లీ కలుపు. చూడ్డానికి నాకూ వచ్చాయి. తప్పుంటే ఈసారి నేనే పీకిస్తాను."

వారం రోజులు ఆవిడ గుమ్మం దగ్గర కుర్చీ వేసుకుని కాపలా కూర్చున్నారు. సీసాల మీద భార్య ఇంతింత అక్షరాలతో పేర్లు రాసింది. ఏడుసార్లు కలిపాడు. ఆరుసార్లు అత్తగారు తల అడ్డంగా ఊపారు. ఏడోసారి తోలుముక్కని సాక్షి పక్కన పెడితే, ఏది ఏదో ఇద్దరికీ తెలియలేదు.

పూత వేయబోతుంటే ఆవిడ కర్రతో సీటు అడుగు చూపించి, అక్కడ ఒక వేలెడు వంకాయ ఉంచెయ్యమన్నారు. అలా ఆ కారు సీటు కింద ఇప్పుడు రెండు సాక్షులున్నాయి, పక్కపక్కనే. షాపుకి వచ్చినవాళ్లకి సీట్లాయన సీటెత్తి రెండోది చూపించి, అది ఒక మహారాణి రహస్యంగా కోరుకున్న రంగని, దానికోసం సముద్రంలో దొరికే ఏదో పురుగు కావలసి వచ్చిందని చెబుతాడు. లోపల అత్తగారుంటే మాత్రం మహారాణి దగ్గర కాస్త గొంతు తగ్గిస్తాడు.